ఆమె రక్తంలో దొరికినది

శామీర్‌పేట బస్టాపు దగ్గర ఆమె ఫ్లెక్సీ కట్టారు. కరీంనగర్ రోడ్డు మీద పోయే ప్రతి బస్సులోంచీ కనబడేంత పెద్దది. ఒక మూలన ఆమె, జబ్బు చేయకముందు దిగిన ఫొటోలో, నిండు కనుబొమ్మలతో. ఆమెకు మూడింతల సైజులో, తెల్ల చొక్కాతో, చేతులు జోడించి ఆమె తమ్ముడు. అతని ఫొటో కింద "అక్కకు కిడ్నీ దానం చేసి ప్రాణం నిలిపిన త్యాగశీలి" అని రాయించుకున్నాడు. చనిపోయిన మనిషి ఫ్లెక్సీ మీద ప్రాణం నిలిపానని రాయించుకోవడానికి మనిషికి ఎంత సిగ్గు లేకుండా ఉండాలి? ప్రింటు చేసినవాడికైనా చెయ్యి ఆగలేదా?

నేనెక్కిన ఆటో సరిగ్గా ఆ ఫ్లెక్సీ ముందే ఆగింది. డ్రైవరు సీట్లు నిండేదాకా కదలనన్నాడు. అంతసేపూ దాన్ని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. మేడ్చల్‌లో దిగేసరికి నా ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. ఫ్లెక్సీ మీద ఉన్న పేరు ఊరంతా చదివింది. ఆ పేరు గల మనిషి ఎట్లా ఉండేదో మాత్రం ఊరికి పట్టలేదు. నాకు తెలుసు. మేడ్చల్‌లో మా రెండు మడిగెలకూ మధ్య ఒకటే గోడ. ఇటు నా టైలరింగ్ షాపు, అటు ఆమె బ్యూటీ పార్లర్.

ఆమె ఎవరినీ కళ్ళలోకి చూసి మాట్లాడేది కాదు. కళ్ళకు కొంచెం పైన, కనుబొమ్మల వైపు చూసేది. బస్సులో ఎదురు సీట్లో ముక్కూమొహం తెలియని అమ్మాయి కూర్చున్నా సరే, "ఎడమ దిక్కుది ఎవరు చేసిండ్రే? వాళ్ళ చేతులు ఇరగ. నా దగ్గరికి రా, సాపు చేస్త" అనేది. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి నుదురు తడుముకునేది. పని చేసేటప్పుడు దారం ఒక కొస ఆమె పళ్ళ మధ్య ఉండేది. అట్లాగే మాట్లాడేది, పెదవులు కదలకుండా. కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అలవాటైనవాళ్ళు మాత్రం నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. "చెంప పట్కో. గట్టిగ పట్కో. నీ మొగుని చెంప అనుకో" అనేది. నవ్వి కదిలితే మళ్ళీ తిట్టు. కనుబొమ్మ మరీ సన్నగా చేయమని అడిగితే దారం తీసి పక్కన పడేసేది.

"గీత లెక్క కావాల్నా? పెన్సిలు కొనుక్కో పో. నా దగ్గరికెందుకొచ్చినవ్?"

నన్ను "లైబ్రరీ" అని పిలిచేది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తరువాత నేర్చుకున్నదంతా మేడ్చల్ గ్రంథాలయంలో, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో. దినపత్రికలతో మొదలుపెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషులో ఉన్న వైద్య పుస్తకాల దాకా వచ్చాను. ఎవరూ నేర్పలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోను. ఆమె గోడ మీద దువ్వెనతో కొట్టి, "ఏ లైబ్రరీ, ఇయ్యాల ఏం సదివినవ్? మాక్కూడ జెర చెప్పరాదు" అని అడిగేది. చెప్తే చివరిదాకా వినేది. అంతా విని, "గంత సదివి గీ జాకెట్లే కుడ్తున్నవ్ గదనే" అని దెప్పేది.

కిడ్నీలు పాడైనప్పుడు తమ్ముడు తనది ఒకటి ఇచ్చాడు. ఆనాడు మనసుతోనే ఇచ్చాడు, ఆ మాట నేను కాదనను. భూములున్న ఇల్లు. అతను బౌరంపేట్ వైపు వెంచర్లు వేసి పైకొచ్చాడు, పదవి కోసం లీడర్ల వెంట తిరుగుతున్నాడు. మొగుడు వదిలేసిన అక్క పార్లర్ పెట్టుకుని వాళ్ళవీ వీళ్ళవీ మొహాలు తుడవడం అతనికి నామోషీగా ఉండేది. అక్కకు కిడ్నీ ఇవ్వడం మాత్రం గొప్పగా ఉండేది. మీటింగుల్లో చొక్కా ఎత్తి మచ్చ చూపించేవాడని ఆమే చెప్పి నవ్వేది.

ఆపరేషన్ తరువాత ఆమె తిరిగొచ్చిన రోజు నన్ను గోడ ఇవతలికి వచ్చి మరీ పిలిచింది. "పాతయి తియ్యలేదట తెల్సా? గవి గట్లనే ఉన్నయ్. కొత్తది గిక్కడ, ముందర పెట్టిండ్రు. జేబుల పెట్టినట్టు." పొత్తికడుపు కుడివైపు చెయ్యి వేసి చూపించింది. అప్పటినుంచి ఏ మాట ఆలోచించాలన్నా ఆ చెయ్యి అక్కడికే పోయేది.

పొద్దునా సాయంత్రం గోలీల టైముకు ఫోనులో అలారం మోగేది. మోగితే చాలు, ఒక కనుబొమ్మ అయి రెండోది కాని మనిషిని అట్లాగే వదిలేసి లేచేది. "ఆగు, తమ్ముని డ్యూటీ ఉన్నది" అని గోలీలు వేసుకునేది. కుర్చీలో ఉన్నామె ఎంత తొందరపడినా సరే. ఆ డ్యూటీ ఒక్కరోజు తప్పడం నేను చూడలేదు.

మొదట ముక్కు మీద గరుకుగా వచ్చింది. తరువాత బుగ్గల మీద, గడ్డం మీద. సన్నటి తెల్లటి ముళ్ళు, దగ్గరికి వెళ్తే గానీ కనబడవు. ఆమె పట్టకారుతో ఒక్కొక్కటీ పీకేది, వారంలో మళ్ళీ మొలిచేవి. ఆ తరువాత కనుబొమ్మలు పలచబడ్డాయి. ఊరందరి కనుబొమ్మలూ దిద్దే మనిషి పొద్దున్నే అద్దం ముందు కూర్చుని పెన్సిలుతో తన కనుబొమ్మలు గీసుకునేది. నన్ను చూసి, "ఏం సూస్తున్నవ్? పెన్సిలు కొనుక్కున్న" అంది. 

మందుల వేడి అన్నారు. దిష్టి అన్నారు. మేడ్చల్‌లో ఒక డాక్టరు మొటిమల ఆయింట్‌మెంటు రాసిచ్చాడు. కిడ్నీ పెట్టిన పెద్ద దవాఖానకు పోయి వచ్చి ఆమె ఒకరోజు నా కుట్టుమిషను ముందు కూలబడింది.

"ఏమన్నడు డాక్టరు?"

"నా మొహం దిక్కు సూడనే లేదు. నా క్రియాటినిన్ రిపోర్టుతోని మాట్లాడిండు. కిడ్నీ మంచిగున్నదట. ఎన్క ఉన్నోళ్ళను పిల్వమన్నడు."

ముళ్ళు మొలిచిన మొహం ఎదురుగా ఉంటే తల ఎత్తి చూడని చదువు అది. నేను అప్పుడే మండిపడ్డాను. ఆమె నన్నే సముదాయించింది. అక్కడ అంతమంది ఉంటారట, ఆయన మాత్రం ఏం చేస్తాడట.

చివరికి ఆ దవాఖానలోనే చర్మం చూసే చిన్న డాక్టరమ్మ ఒకామె, వరండాలో పోతూ ఈమెను ఆపి, వెలుతురులోకి తీసుకెళ్ళి మొహం చూసిందట. చర్మం ముక్క కొంచెం తీసింది, రక్తం తీసింది, ఆ పరీక్ష అన్నిచోట్లా చేయరని బయటి ల్యాబుకు పంపింది. కొన్నాళ్ళకు పిలిచి చెప్పింది. చర్మంలోనూ రక్తంలోనూ ఒక వైరస్ దొరికిందని. పాలియోమా అనే కుటుంబానికి చెందినదని. గోలీల్లో ఒకటి కొద్దిగా తగ్గిస్తామని, పూతమందు ఇస్తామని, మొహం నెమ్మదిగా బాగవుతుందని. తగ్గించడమే గానీ మానేయడం కాదని రెండుసార్లు చెప్పిందట.

ఆ రోజు ఆమె ఆటో దిగి రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెప్పులు టపటపలాడించుకుంటూ, మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది. పార్లర్ ముందు బెంచీ మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆమె కోసమే కాచుకుని ఉన్నారు.

"దొరికిందే లైబ్రరీ! నా రక్తంల వైరస్ దొరికింది!"

లాటరీ తగిలినట్టు అరిచింది. ఆ సంతోషం నాకు అర్థమైంది. అన్నాళ్ళూ దిష్టి అనీ, కర్మ అనీ, పాపం అనీ అనిపించుకున్న మనిషికి జబ్బుకు ఒక పేరు దొరికితే అది ఎంత ఊరట! బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు మాత్రం రక్తంలో వైరస్ అంటే ఒకటే అర్థం. వాళ్ళలో కొత్త కాలనీ నుంచి వచ్చే మేడమ్ ఒకావిడ ఉంది, కోస్తా వైపు ఆవిడ, స్కూల్లో టీచరు. ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యో, ఏం వైరస్ అండీ?"

"పేరు పొడుగున్నది మేడమ్, నా నోటికి తిరుగుతలేదు. రక్తంల ఉంటదట. తీస్కోండ్రి, పాలకోవా."

ఎవరూ తీసుకోలేదు. ఆ మర్నాడు బెంచీ ఖాళీ. ఆ పై రోజూ ఖాళీ. దారం నోట్లో పెట్టుకుంటుంది కదా అని ఒకరు, కనుబొమ్మ దగ్గర ఎప్పుడైనా రక్తం చుక్క వస్తుంది కదా అని ఒకరు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా మెసేజీ తిరిగింది. పేరు అవసరం లేదు, మేడ్చల్‌లో ముళ్ళ మొహం ఉన్నది ఒక్కరికే.

నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. పుస్తకాల్లో దొరికింది కొంత, అక్కడి కంప్యూటర్లో దొరికింది కొంత. రెండు మధ్యాహ్నాలు నిఘంటువు తిరగేసి అర్థం చేసుకున్నాను. పాలియోమా అనే పేరుకు పెక్కు కణితులు అని అర్థం, ఎలుకల్లో మొదట కనిపించినప్పుడు పెట్టిన పేరు, వినడానికే భయంగా ఉంటుంది. ఆ కుటుంబంలో చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండేవి కొన్ని. చాలామందికి చిన్నప్పుడే సోకుతాయి, సోకినట్టు కూడా తెలియదు. ఒంటి కాపలా గట్టిగా ఉన్నంతకాలం నోరెత్తవు. కిడ్నీ మార్చుకున్నవాళ్ళ ఒళ్ళు కొత్త కిడ్నీని శత్రువనుకుని దాడి చేస్తుంది గనుక ఆ కాపలాను మందులతో అణచి ఉంచుతారు. అట్లాంటప్పుడు అరుదుగా, ఏ కొందరిలోనో, ఒక వైరస్ వెంట్రుక కుదుళ్ళలో లేచి మొహాన్ని ఇట్లా చేస్తుంది. రక్తంలోనూ దాని జాడ కనిపిస్తుంది. అంతే సంగతి. వాళ్ళు భయపడిన జబ్బుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

జాకెట్టు కొలతకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఇదంతా చెప్పాను. మేడమ్‌కు ఇంకా వివరంగా చెప్పాను, చదువుకున్నావిడ కదా అని.

"ఆ వైరస్ మీలోనూ ఉండొచ్చు మేడమ్, నాలోనూ ఉండొచ్చు. మన ఒళ్ళు దాన్ని పడుకోబెట్టి ఉంచింది, అంతే."

"మాకెందుకుంటుందండీ? మేం ఫిల్టర్ నీళ్ళే తాగుతాం" అంది.

 పిల్లలకు సైన్సు చెప్పే మనిషి అది!

మడిగెల ఓనరు వచ్చి గుమ్మం బయటే నిలబడి, "ఖాళీ చెయ్యమ్మా, పక్క మడిగెలోళ్ళు కూడా పరేషాన్ అయితుండ్రు" అన్నాడు. పక్క మడిగె నాది. నేను పరేషాన్ అవుతున్నానని నన్ను అడగకుండానే చెప్పాడు. నేను బయటికొచ్చి గట్టిగా అరిచాను. అతను నా వైపు కూడా చూడలేదు.

ఆ గొడవ నడుస్తుండగానే ఒకరోజు తమ్ముడి కారు వచ్చి ఆగింది. అతని కూతురికి పెళ్ళి కుదిరింది, శామీర్‌పేట రోడ్డులో ఫంక్షన్ హాలు. దిగకుండా అద్దం దించి మాట్లాడాడు. నేను నా గుమ్మంలో నిలబడి అంతా విన్నాను.

"అక్కా, నువ్వు పెండ్లికి రాకుంటే మంచిగుండదు. వస్తే ఇంకా మంచిగుండదు."

"అంటే ఏంది తమ్మీ?"

"నా కిడ్నీతోనే వచ్చిందంటుండ్రు అక్కా గా వైరస్. పిల్లగాని దిక్కోళ్ళు అడిగిండ్రు, మీ ఇంట్ల రక్తంల ఏమన్న ఉన్నదా అని. లీడర్లు వస్తరు, ఫొటోలు దిగుతరు. నువ్వే ఆలోచించు."

ఆమె చెయ్యి పొత్తికడుపు మీదికి పోయింది. "సాపు మొహంతోనే వస్త తియ్" అంది.

కారు పోయాక నేను ఉండబట్టలేక అన్నాను, "అట్లాంటోని బిడ్డ పెండ్లికి పోకుంటే ఏం?"

"నా చేతుల పెరిగిందే అది. మొట్టమొదటిసారి దాని కనుబొమ్మలు చేసింది నేను" అంది. 

అప్పటికి డాక్టరమ్మ మందు పనిచేయడం మొదలైంది. ముక్కు మీద ముళ్ళు మెత్తబడ్డాయి. కనుబొమ్మల చోట సన్నటి వెంట్రుకలు మొలిచాయి. పార్లర్ సామాను సర్దుతూ పెద్దగా చూపించే అద్దం నా చేతికిచ్చి, చూడమంది. చూశాను. నిజమే.

"గోలీ జెర తగ్గిస్తెనే గింత మంచిగైంది. మొత్తం బంద్ చేస్తే జల్దీ అయితది గద?"

"అమ్మో, అట్లా చెయ్యొద్దు. కిడ్నీ పోతది. ఒళ్ళు దాన్ని పరాయిదనుకుంటది."

"పరాయోనిదైతే అనుకుంటది. తోడబుట్టినోనిది ఎట్ల పరాయిదైతదే? ఒక్క తల్లి కడుపుల పుట్టినం."

దగ్గరి రక్తమైనా సరే గోలీలు ఉండాల్సిందేనని మళ్ళీ మళ్ళీ చెప్పాను. డాక్టరమ్మ మాట గుర్తుచేశాను. "సరే సరే, నీతోని వాదించే తాకత్ నాకు లేదు" అని అద్దం లాక్కుంది. ఆ సాయంత్రం ఫోను మోగితే నా ముందే గోలీలు వేసుకుంది కూడా. మర్నాడు సామాను ఆటోలో వేసుకుని శామీర్‌పేటలో తనుండే ఇంటికి పోయింది. ఆ తరువాత గోడ అవతల ఫోను మోగడం నాకు వినబడే అవకాశం లేదు.

పెళ్ళికి నన్నూ పిలిచారు. హాల్లో అడుగుపెట్టగానే ఆమెను చూసి నిలబడిపోయాను. మొహం నున్నగా ఉంది. కనుబొమ్మలు మొలిచాయి, తనే దిద్దుకున్నట్టుంది. ఆకుపచ్చ పట్టుచీర, నేను కుట్టిన జాకెట్టు. తమ్ముడు ఆమె భుజం మీద చెయ్యి వేసి స్టేజీ ఎక్కించి, లీడర్ పక్కన నిలబెట్టి ఫొటో దిగాడు. "మా అక్క, నేనే కిడ్నీ ఇచ్చిన" అని మైకులో చెప్పించాడు. జనం చప్పట్లు కొట్టారు. మేడమ్ కూడా వచ్చింది, ఆమె చెయ్యి పట్టుకుని, "ఎంత బావున్నారండీ!" అంది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆమెను పట్టుకున్నాను. "ఫోను మోగలేదేం ఇయ్యాల?" అని అడిగాను.

"బంద్ చేసిన."

"ఫోనా?"

ఆమె నా కళ్ళలోకి చూసింది, నుదుటి వైపు కాదు. అప్పుడే అర్థమైంది. చీర కుచ్చెళ్ళ కింద పాదాలు చూశాను. వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

నేను నేరుగా తమ్ముడి దగ్గరికి పోయాను. అతను వచ్చేపోయేవాళ్ళకు దండాలు పెడుతున్నాడు.

"తమ్మీ, అక్క గోలీలు బంద్ చేసిందట. కాళ్ళు వాచినయ్. ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె."

"గిప్పుడా గా ముచ్చట?" అతని నవ్వు చెదరలేదు, ఎవరికో దండం పెడుతూనే ఉన్నాడు. "మొహం సూసినవా ఎంత మంచిగైందో? నువ్వు పరేషాన్ గాకు, తిని పో."

"కిడ్నీ పోతది తమ్మీ."

"నా కిడ్నీ అది. ఎంత గట్టిదో నాకెర్కలేదా?"

ఆ మాట అన్న మనిషే ఇవాళ బస్టాపు దగ్గర ఫ్లెక్సీ మీద చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆ రాత్రే ఆమెను ఆటో ఎక్కించబోయాను. చెయ్యి విడిపించుకుంది. అప్పగింతలు ఉన్నాయట. మర్నాడు పోయి ఆమె ఇంటి గుమ్మం ముందు కూర్చున్నాను. రిసెప్షన్ అయ్యాక వస్తానంది. రిసెప్షన్ నాటికి నడవలేకపోయింది. దవాఖానలో క్రియాటినిన్ చూసే ఆ డాక్టరు ఈసారి తల ఎత్తి ఆమె మొహం చూశాడట. అప్పటికి చూడడానికి మొహం మీద ఏమీ లేదు, కిడ్నీలోనూ ఏమీ మిగలలేదు.

డయాలసిస్‌కు తమ్ముడు కారు పంపేవాడు. తను రాలేదు. ఎలక్షన్ల హడావిడి అట. నేను రెండోసారి, అదే ఆఖరిసారి, చూడబోయినప్పుడు ఆమె మంచం మీద, చేతికి గొట్టాలతో, పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. ఆమె రక్తం మిషన్లోకి పోయి మళ్ళీ తిరిగి వస్తోంది. నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆమె మీద కూడా.

"ఒక్క పెండ్లి కోసం ఇంత పని చేస్కుంటవా?" అన్నాను. "తెలిసి తెలిసి?"

"పెండ్లి కోసం కాదే."

 పైకప్పు మీంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"ఫంక్షన్ హాల్ల నా పక్కన కుర్సీ గుంజుకొని కూసున్నరు. ఒకామె నా ఇస్తార్లకెళ్ళి బూరె తీస్కొని తిన్నది. ఇంకొకామె నా కొంగుతోని మూతి తుడ్సుకున్నది. గెన్ని రోజులైందో తెల్సా, నన్నెవరన్న ముట్టక?"

 నేను రోజూ గుమ్మం దగ్గర నిలబడి ఆమె తరఫున కొట్లాడాను. అది ఆమెకు చాలలేదు, చాలదు కూడా.

"నువ్వు గా పుస్తకాలన్ని సదివినవ్ గద. గోలీలు బంద్ చేస్తే కిడ్నీ ఉండదని చెప్పినవ్. ఎవ్వరు దగ్గరికి రాకుంటే మనిషి ఎన్ని రోజులుంటదో రాసి ఉన్నదా అండ్ల?"

"లేదు" అన్నాను.

"మరేం సదివినవే" అని మొహం గోడ వైపు తిప్పుకుంది.